అడుగున్నర దూరం

మా జట్టుని అమ్మేశారన్న కబురు తెలిసినప్పుడు నా చేతిలో ఎవరిదో ఎడమ కంటి అద్దం ఉంది.

నా పని కళ్ళజోళ్ళ అద్దాలు సానపట్టడం. షాపు ముందు గదిలో మేడమ్ కళ్ళు పరీక్ష చేస్తుంది, ఫ్రేములు చూపిస్తుంది, మనుషులతో మాట్లాడుతుంది. వెనక గదిలో నేనుంటాను. నా దగ్గరికి మనుషులు రారు. ప్లాస్టిక్ ట్రేలో ఒక ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, ఒక చీటీ వస్తాయి. చీటీ మీద పేరుండదు, నంబరుంటుంది. పంతొమ్మిదేళ్ళలో ఈ ఊళ్ళో సగంమంది కళ్ళ ముందు నేను అరగదీసిన అద్దాలే ఉన్నాయి. వాళ్ళలో ఒక్కరి ముఖం కూడా నాకు తెలియదు. ఈ ఏర్పాటు నాకు బాగానే ఉండేది.

మేడమ్ మధ్య తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ఫోను. "ఇదేంటయ్యా, మీవాళ్ళని అమ్మేశారటగా?" అంది.

"ఎవర్ని?"

"మీ ఫుట్‌బాల్ వాళ్ళని. జట్టు వేరే ఊరికి పోతుందట. పేరు మారుస్తారట, జెర్సీ రంగు కూడా మారుస్తారట. గ్రౌండు ఎవరో బిల్డరుకి ఇచ్చేశారట."

విన్నాను. అర్థమైంది కూడా. అయితే ఆ సంగతి చెవి దగ్గరే ఆగిపోయింది, చేతిదాకా రాలేదు. సానచక్రం తిరుగుతూనే ఉంది. అద్దం దాని మీద ఆనే ఉంది. "అయ్యో, చూసుకో!" అని మేడమ్ అరిచాక చూస్తే అద్దం ఒక పక్కంతా అరిగిపోయి నెలవంకలా మిగిలింది.

ఆ క్షణంలో నాకు మొదట తట్టింది జట్టు కాదు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్న ఆట కాదు, ఆటగాళ్ళు కాదు. శనివారం అన్నయ్యని ఎక్కడ చూస్తాను అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే అన్నయ్యని చూడాలని నాకున్నట్టు అంతవరకూ నాకు తెలియదు.

మేమిద్దరం ఒకే ఊళ్ళో, రెండు బస్సు స్టాపుల దూరంలో ఉంటాం. తొమ్మిదేళ్ళుగా ఒకరింటికి ఒకరం వెళ్ళలేదు. ఫోను చేసుకోలేదు. కలిసేది ఒక్కచోటే. తూర్పు స్టాండు, ఇరవై మూడో వరస, పదకొండు, పన్నెండు నంబరు సీట్లు. అది కూడా ఆట ఉన్న శనివారాల్లోనే. తొంభై నిమిషాల ఆట, పదిహేను నిమిషాల విరామం. నాకున్న అన్నయ్య అంతే. ఆ సీట్లు పోతే అది కూడా లేదు.

పన్నెండో సీటు నాన్నది. ఆయన పోయిన రోజు నేను పదకొండులో కూర్చుని ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఆయనకి కాస్త నలతగా ఉంటే, "నువ్వెళ్ళు, వచ్చి చెబుదువుగాని" అన్నారు. స్టాండులో హోరు. జేబులో ఫోను మోగితే వినపడలేదు. ఆట అయ్యాక ఇంటికెళితే గదినిండా జనం. అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, అందరూ వింటుండగా, "ఎవరు గెలిచారు?" అని అడిగాడు.

ఆ రెండు మాటలూ నేను తొమ్మిదేళ్ళపాటు సానపట్టుకున్నాను. పట్టేకొద్దీ పదునెక్కాయి.

ఆ తర్వాతి సీజను మొదటి ఆటకి అన్నయ్య వచ్చి నాన్న సీట్లో కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అతనికి చిన్నప్పట్నుంచీ ఆటంటే పట్టదు. ఎందుకొచ్చాడో చెప్పలేదు, నేనడగలేదు. అడగని ప్రశ్నలకి జవాబులు నేనే రాసుకోవడం నాకు అలవాటు. నువ్వు నాన్నని వదిలేసి కూర్చున్న చోటు ఇదే, నేను పక్కనుండి నీకు గుర్తుచేస్తూ ఉంటాను అన్నది అతని ఉద్దేశమని తేల్చుకున్నాను. సాక్ష్యం కూడా దొరికింది. గోలు పడితే అన్నయ్య అరుపు నా అరుపు తర్వాత అరక్షణానికి వచ్చేది. ప్రతిసారీ అంతే. గోలు పడటం చూసి ఎవరూ అంత ఆలస్యంగా అరవరు. అది వెక్కిరింపు అనుకున్నాను.

మా వరసలో ఒక కట్టుబాటు ఉంది. గేటు దాటాక ఇంటి గొడవలు, ఆఫీసు గొడవలు ఎత్తకూడదు. ఎవరైనా ఎత్తితే బాకా వెంటనే "వీపు!" అని అరుస్తాడు. బాకా అంటే మా వరసకి పెద్ద, టికెట్ కౌంటర్లో గుమాస్తా, ఆటకి ఇత్తడి బాకా తెచ్చి ఊదుతాడు. వీపు అని వినపడితే తప్పుచేసినవాళ్ళు లేచి మైదానానికి వీపు తిప్పి నిలబడాలి. బంతి గీత దాటి బయటికి పోయేదాకా అలాగే ఉండాలి. అందరూ నవ్వుతారు. ఆ నిమిషంలో గోలు పడిందంటే ఆ మనిషి ఏడుపు చూడాలి.

మూడేళ్ళ కిందట ఒకసారి అన్నయ్య మెల్లిగా, "మీ వదినకి ఒంట్లో బాగా లేదురా" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే బాకా "వీపు!" అన్నాడు. అన్నయ్య లేచి వీపు తిప్పి నిలబడ్డాడు. ఏమాత్రం విసుక్కోలేదు. బంతి బయటికి పోయింది, కూర్చున్నాడు. నేను మళ్ళీ ఆ సంగతి అడగలేదు. కట్టుబాటు ఉంది కదా అనుకున్నాను. ఆ కట్టుబాటు నాకెంత వీలుగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

ఆ గురువారం మధ్యాహ్నానికల్లా కబురు ఇంకో మలుపు తిరిగింది. జట్టుకి ఇద్దరు యజమానులు. పెద్ద వాటా ఆయన అమ్మానన్నాడు. చిన్న వాటా ఆయన ఆ అమ్మకం చెల్లదన్నాడు. ఒకాయన కోచ్‌ని తీసేశానన్నాడు, గంటలో రెండో ఆయన అదే కోచ్‌ని మళ్ళీ వేశానన్నాడు. పాపం ఆ కోచ్ తన ఇంటి ముందు నిలబడి, "నాకు కూడా మీలాగే టీవీలోనే తెలుస్తోంది" అన్నాడు. మూడింటికి గ్రౌండు ఆఫీసుకి తాళం పడింది. ఆ తాళం మీద రెండో ఆయన మనుషులు ఇంకో తాళం వేశారు.

ఐదింటికి అందరూ పెద్ద గేటు దగ్గరికి రండి అని బాకా మెసేజ్ పెట్టాడు.

వెళ్ళేసరికి ఆరేడు వందలమంది ఉన్నారు. అంత జనం ఉంటే హోరుండాలి. లేదు. నేను ఎరిగిన ముఖాలే అన్నీ, కాని ఎవరినీ నిలబడి ఎప్పుడూ చూడలేదు, అందరినీ కూర్చుని ఉండగా పక్కనుంచి చూసినవాడినే. ఒకాయన వంటగది తువ్వాలు భుజాన వేసుకుని అలాగే వచ్చేశాడు. ఒకామె గేటు చువ్వ పట్టుకుని తాళాలు రెండూ మార్చిమార్చి చూస్తోంది, వాటిలో ఏది అసలుదో తేలితే అంతా సర్దుకుంటుందన్నట్టు.

"ఇదెక్కడి విడ్డూరం టీచరమ్మా, అడగా పెట్టకుండా అమ్మేయడానికి మనమేమన్నా పశువులమా?" అన్నాడు బాకా.

లెక్కల టీచరమ్మ మా వరసలో ఎనిమిదో సీటు. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో నోటికి చెబుతుంది. "మనల్ని అమ్మలేదయ్యా, అదే బాధ. మనల్ని కొనేవాడెవడూ లేడు. వాళ్ళని తీసుకుని మనల్ని వదిలేశారు" అంది.



బాకా గేటు దిమ్మె ఎక్కాడు. "వినండి! వాళ్ళకి మన సీజను పాసుల డబ్బు కావాలి, మనం అక్కర్లేదు. పాసులు వాళ్ళ మొహానే కొడదాం. ఒక్కొక్కరే వచ్చి ఈ చువ్వలకి తగిలించండి. ఎన్నేళ్ళుగా వస్తున్నారో గట్టిగా చెప్పండి. పొద్దున్న ఆ దొరలొచ్చి చూసుకోవాలి!"

మా పాసులు మెడలో వేసుకునే పట్టీలవి. టీచరమ్మ మొదట వెళ్ళింది. "ముప్పై ఒకటి" అని తగిలించింది. బాకా ఒకసారి ఊదాడు. "పద్నాలుగు." బాకా మోత. "నలభై, మా ఆయనవి కూడా కలిపి." బాకా మోత. వరస కదులుతోంది. నేను కదులుతున్నాను. నా వంతు రాగానే నా చెయ్యి మెడలోంచి పట్టీ తీసి చువ్వకి తగిలించింది. నా నోరు "ఇరవై ఆరు" అంది. వెనక్కి జరిగాక తెలిసింది ఏం చేశానో. పొద్దున్న అద్దం సంగతిలాగే. ఆ రోజంతా నా చేతులు నాకంటే ముందు నడుస్తున్నాయి.

అప్పుడు చూశాను అన్నయ్యని. బస్సు డ్రైవరు ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. కళ్ళజోడు పెట్టుకుని, నా పాసు ఊగుతున్న చువ్వ మీదికి వంగి చూస్తున్నాడు. అతని వంతు.

"రండి పెద్దాయనా, తగిలించండి" అన్నాడు బాకా.

"నేనివ్వను" అన్నాడు అన్నయ్య.

"అదేంటి?"

"నాది నా దగ్గరే ఉంటుంది. మీరు కానివ్వండి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థం అక్కర్లేకపోయింది. పొద్దున్నుంచి ఎవరిని తిట్టాలో తెలియక తిరుగుతున్న ఆరేడు వందలమందికి ఒక మనిషి దొరికాడు. "ఏం, కొత్త ఓనరు బస్సు నడుపుతావా?" అని ఎవరో అరిచారు. "వీడి గోలు అరుపే ఆలస్యం, వీడికి ఆటెందుకు!" అని ఇంకెవరో అన్నారు. ఆ మాట నేను మనసులో వందసార్లు అనుకున్నదే. ఇప్పుడు బయట ఇంకొకరి నోట విన్నాను. అందరూ గమనించారన్నమాట.

"తగిలించమంటున్నాం కదా, మర్యాదగా!" అని ఒకడు అన్నయ్య మెడలో పట్టీ పట్టుకున్నాడు. అన్నయ్య దాన్ని గుప్పిట్లో బిగించాడు. వెనకనుంచి ఒక తోపు. కళ్ళజోడు ఎగిరి కిందపడింది. ఫ్రేము ఒకవైపు, అద్దం ఒకవైపు.

నేను వంగి రెండూ ఏరాను. అది ధైర్యం కాదు. అద్దం కింద పడితే వంగడం నా వృత్తి.

అద్దం పగలలేదు. వేళ్ళ మధ్య పట్టుకుని, ఎప్పుడూ చేసేదే, గేటు చువ్వ ఒకటి అందులోంచి కనపడేలా పెట్టి పక్కకి జరిపాను. ఇది మా పనిలో మొదటి పాఠం. అద్దాన్ని కుడికి జరిపితే అందులో కనిపించే గీత కూడా కుడికే జరిగితే అది దూరపు చూపుకి వాడే అద్దం. ఎదురుదిక్కుకి జరిగితే దగ్గరికి వాడేది. చువ్వ ఎదురుదిక్కుకి జరిగింది. మళ్ళీ జరిపాను. అదే. ఫ్రేములో మిగిలిన రెండో అద్దం చూశాను. అదీ అంతే. రెండింటిదీ ఒకటే పవర్, రెండు పాయింట్లు. ఫుట్‌పాత్ మీద దొరికే చదువుకునే జోడు.

చదువుకునే జోడు పెట్టుకుని మైదానం వైపు చూస్తే పచ్చటి మసక తప్ప ఏమీ ఉండదు. బంతి ఉండదు, గోలు స్తంభాలుండవు. మనుషులు మరకల్లా ఉంటారు.

ఒక్కోసారి దూరానికి కూడా ఇలాంటి అద్దమే కావలసిన కళ్ళుంటాయి. అదే అయ్యుంటుంది, అనుకున్నాను. అనుకోవాలని చూశాను.

అప్పుడే అన్నయ్య చెయ్యెత్తాడు. జోడు లేని కళ్ళతో, జనం తలల మీదుగా, గేటు చువ్వల్లోంచి అవతలి స్టాండు పైకప్పు వైపు చూస్తున్నాడు. "అటు చూడండి. అదిగో, నిచ్చెన మీద మనిషి. అక్షరాలు ఊడదీస్తున్నాడు" అన్నాడు.

అందరూ తిరిగారు. నాకు మొదట కనిపించలేదు. రెండొందల గజాలుంటుంది. కళ్ళు చికిలించి చూస్తే స్టాండు నుదుట మా జట్టు పేరు, దాని చివర నిచ్చెన మీద చీమంత మనిషి. మేం చూస్తుండగానే చివరి అక్షరం ఒక మూల వేలాడింది. తర్వాత కిందికి పోయింది. ఆ చప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఎవరూ అరవలేదు. బాకా నోటి దగ్గరికి ఎత్తిన బాకా అలాగే ఉండిపోయింది. టీచరమ్మ నేల మీద కూర్చుంది. అన్నయ్య మెడలో పట్టీ పట్టుకున్న మనిషి దాన్ని వదిలేసి, ఎందుకో అతని చొక్కా కాలరు సర్దాడు. రెండో అక్షరం కదిలింది.

నేను మాత్రం ఆ పేరు వైపు చూడటం లేదు. ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి. ఏటేటా డిపోలో కంటి పరీక్ష. అతని దూరపు చూపుకి ఏ లోపమూ లేదు. ఇంతమందిలో ముందు చూసింది అతనే, జోడు పోయాక. అంటే ఆట చూడాలంటే అతనికి జోడు అక్కర్లేదు. జోడు పెట్టుకుంటేనే ఆట కనిపించదు. అయినా తొమ్మిదేళ్ళు స్టాండులో కూర్చోగానే జేబులోంచి తీసి పెట్టుకునేవాడు. ఆట అయ్యాక తీసేవాడు.

రెండు పాయింట్ల అద్దానికి ఆ వయసు కళ్ళతో స్పష్టంగా కనిపించే దూరం ఎంతో నాకు లెక్క వేయక్కర్లేదు. అడుగున్నర. పన్నెండో సీట్లో కూర్చున్నవాడికి అడుగున్నర దూరంలో ఉండేది పదకొండో సీటు.

గోలు పడ్డప్పుడు అతను మైదానం చూసి అరవలేదు. నా ముఖం చూసి అరిచాడు. నా నోరు తెరుచుకోవడం అతనికి కనిపించడానికి పట్టిన అరక్షణం అది.

"పద. అద్దం బిగిస్తాను" అన్నాను.

షాపుకి నడిచి వెళ్ళాం. మాట్లాడటానికి ఆట లేదు, ఇంకేం మాట్లాడాలో తెలియదు. ఒకచోట రోడ్డు దాటేటప్పుడు అన్నయ్య చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపాడు. బస్సు పోయింది. చెయ్యి తీశాడు.

మేడమ్ వెళ్ళిపోయింది. వెనక గదిలో ఒకటే స్టూలు. ఎదురుగా మనిషి కూర్చునే అవసరం ఆ గదికి ఎప్పుడూ రాలేదు. ముందు గదిలోంచి ఇంకోటి తెచ్చాను. ఫ్రేము వేడిచేసి అద్దం ఎక్కించాను. చెవుల మీద ఆనే పుల్లలు వంకరపోయాయి. సరిచెయ్యాలంటే ముఖానికి పెట్టి చూడాలి. పెట్టాను. ముక్కు దగ్గర సర్దుతుంటే అతని కళ్ళు నా మీదే ఉన్నాయి, అద్దాల వెనక కాస్త పెద్దవిగా, తడిగా. ఎంతసేపు చూస్తే అసభ్యమో నాకు తెలియదు. అలవాటు లేని పని.

"ఇది చదువుకునే జోడు" అన్నాను.

"తెలుసు."

"గ్రౌండుకి ఎందుకు మరి?"

"ఏం, పెట్టుకోకూడదా?" అన్నాడు. తర్వాత, "ఆట నాకేం తెలుస్తుందిరా. ఎవడు ఎటు కొడుతున్నాడో ఎప్పుడూ తెలిసేది కాదు" అన్నాడు.

నేను జోడు మీంచి చేతులు తీసేశాను. "ఆ రోజు గుమ్మంలో అలా ఎందుకడిగావు? ఎవరు గెలిచారని?"

అన్నయ్య చాలాసేపు గుర్తుచేసుకున్నాడు. నిజంగానే గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. అది చూసి నేను బిత్తరపోయాను.

"అలా అడిగానా?" అన్నాడు. "అయ్యుండొచ్చు. నువ్వు తెల్లబోయి నిలబడ్డావు. ఏదో ఒకటి అడగాలి కదా. లోపలికి ఎలా రమ్మనాలో తెలియలేదు."

అంతే. దాని కింద ఇంకేమైనా ఉందేమోనని నేను వెతికాను. లేదు. తొమ్మిదేళ్ళు నేను మోసింది, అతను మోయలేదు. అతనికి ఆ మాట అన్నట్టే తెలియదు. ఈ సంగతి జట్టుని అమ్మేసిన సంగతి కంటే గట్టిగా తగిలింది. ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్న మనిషి ఒకడు, నేను పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ఇంకొకడు.

అన్నయ్య జేబులో చెయ్యిపెట్టి రెండు పాసులు తీశాడు. "నీది కూడా లాక్కొచ్చా. అందరూ ఆ నిచ్చెన వైపు చూస్తున్నారు కదా" అన్నాడు. దొంగతనం చేసిన చిన్నపిల్లాడిలా మూతి బిగించి నవ్వాపుకున్నాడు.

"ఇప్పుడివి దేనికి? శనివారం గేటు తీయరు."

"తీయరు" అన్నాడు. తర్వాత, "మరి శనివారం నువ్వెక్కడుంటావు?" అని అడిగాడు. తొమ్మిదేళ్ళలో అడగాల్సిన పని పడని ప్రశ్న అది.

ఇక్కడే అందామనుకున్నాను. ఇంట్లో అందామనుకున్నాను. రెండూ అనలేదు. ముందు చెల్లించాల్సింది ఒకటి మిగిలి ఉందనిపించింది. మూడేళ్ళ కిందట నా చెవిలో పడి, జవాబు లేకుండా ఉండిపోయిన మాట.

"వదినకి ఎలా ఉంది?" అన్నాను.

అన్నయ్య నన్ను చూశాడు. స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. అచ్చం బాకా గొంతుతో "వీపు!" అని అరిచాడు.

నేను లేచి తిరిగి నిలబడ్డాను. ఎదురుగా సానచక్రం, పొద్దున్న పాడైన అద్దం ముక్క. వెనకనుంచి అన్నయ్య చెప్పడం మొదలుపెట్టాడు. ఆపరేషను ఎక్కడ జరిగింది, ఎన్ని రోజులు పడుకోబెట్టారు, ఇంటికొచ్చాక ఆమె మెట్లెక్కడానికి ఎన్నాళ్ళు పట్టింది, ఒకరోజు ఆమె వంటింట్లో కిందపడితే ఎవరికి ఫోను చెయ్యాలో తెలియక తను నా నంబరు నొక్కి, మోగకముందే ఎలా పెట్టేశాడు. మెల్లిగా, స్టాపు స్టాపుకీ ఆగుతూ చెప్పాడు.

బంతి గీత దాటేదాకా వీపు తిప్పుకుని ఉండాలి, కట్టుబాటు. ఈ గదిలో బంతి లేదు. ఎప్పుడు తిరగాలో చెప్పేవాళ్ళెవరూ లేరు. ఫోను నంబరు మాట దగ్గర నేను తిరిగాను. స్టూలు అతని దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.